కుక్కకు కాపలా

మా నాన్న ఒక కుక్కకు పాలు పోయడం నేను చూసింది 2003 జూన్‌లో. నాకప్పుడు పదకొండేళ్లు. సూర్యాపేటలో, మార్కెట్‌కు పోయే దారిలో ఒక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ముందు గదిలో నాన్న కుట్టుమిషను, వెనక గదిలో మేం ముగ్గురం. చాయ్‌కి తెచ్చే పాలల్లో సగం నీళ్లు కలిపించే మనిషి ఆ పొద్దున ఒక ప్యాకెట్ మూల కొరికి, టిఫిన్ బండి పక్కన పడుకున్న గోధుమరంగు కుక్క ముందు పగిలిన మూకుడులో పాలన్నీ పోశాడు. పోసి, గొంతుక్కూర్చుని దాని నోటివైపే చూస్తున్నాడు. ఆయన వెనక నిలబడి నేనూ చూస్తున్నాను. ఆ పాలు కుక్క మింగితే నేను బతుకుతాను. మింగకపోతే ఏమవుతుందో ఆ పాటికి నాకు చాలామంది చెప్పేశారు.

కుక్క మొత్తం తాగేసింది. నాన్న లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"సూసినవా బిడ్డ? పిచ్చి కుక్క అయితే గిట్ల తాగుతదా?"

రెండు రోజుల ముందే ఆ కుక్క నా కాలు కరిచింది.

నాన్న దర్జీ. బడులు తెరిచే రోజులు కాబట్టి ఇల్లంతా నీలం, తెలుపు యూనిఫాం బట్టలతో నిండిపోయి ఉండేది. నాన్న దగ్గరికే జనం ఎందుకు వచ్చేవాళ్లంటే, బట్ట మిగిలితే చేతివెడల్పు ముక్క అయినా తిరిగి ఇచ్చేవాడు. అరిగిన సబ్బుముక్కలన్నీ తడిపి ఒక్కటిగా ఒత్తేవాడు. వెలుతురు ఉన్నంతసేపు మిషను గుమ్మంలోకి జరుపుకుని కుట్టేవాడు కానీ లైటు వేసేవాడు కాదు. నా బడి ఫీజు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఎవరి గడప ముందూ చేయి చాచిన ఇల్లు కాదు మాది. సందులోవాళ్లు "ఎంగిలి చేత్తోని కాకిని తోలడు" అని నవ్వుకుంటే అమ్మకు మండిపోయేది. "ఆయన ఎంగిలి చెయ్యి ఆయనిష్టం. మీ ఇంటికొచ్చి బియ్యం బదులు అడిగిండా?" అనేది. నాకూ నాన్న పొదుపంటే గర్వంగానే ఉండేది.

కుక్క కరిచిన ఆ సాయంత్రం నేను కుట్టిన బట్టలు సంచిలో పెట్టుకుని ఒక ఇంట్లో ఇచ్చి రావడానికి బయల్దేరాను. టిఫిన్ బండి దగ్గర మలుపు తిరుగుతుంటే పిక్క మీద ఎవరో కట్టెతో కొట్టినట్టయింది. తిరిగి చూస్తే కుక్క. అరవలేదు, మొరగలేదు. కరిచి, వదిలి, వెళ్లి మళ్లీ తన చోటులో పడుకుంది. అలా ఏమీ జరగనట్టు పడుకోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిక్క మీద రెండు లోతైన గాట్లు. రక్తం పాదం దాకా కారి చెప్పులో జిగటగా అంటుకుంది. సంచి మాత్రం వదల్లేదు. బట్టలకు మరకైతే నాన్న ఏమంటాడో అని.

అమ్మ నన్ను పంపు కింద కూర్చోబెట్టి సబ్బుతో చాలాసేపు కడిగింది. నాన్న మిషను ఆపి, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని సందు చివర ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు గాయం చూసి, ధనుర్వాతం సూది వేసి, కట్టు కట్టి, నాన్నతో నెమ్మదిగా చెప్పాడు.

"సూది ఇయ్యాలనే మొదలువెట్టాలె. మొత్తం ఐదు. మందు మెడికల్ షాపుల దొరుకుతది, తీస్కరా, నేనిస్త. ఇంగో, ఆ కుక్క మీద గూడ ఒక కన్నేసి ఉంచున్రి. పది దినాలు మంచిగ తిరిగితే అప్పుడు మిగిలిన సూదులు ఆపొచ్చు."

"ఎంతైతది సార్?" అన్నాడు నాన్న. డాక్టరు చెప్పాడు. నాన్న నా కాలువైపు చూసి, తర్వాత బయట రోడ్డువైపు చూశాడు.

మెడికల్ షాపు ముందు నన్ను సైకిలు దగ్గర నిలబెట్టి తను లోపలికి పోయాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. "పోదాం పా," అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "సూది ఏపిచ్చిన్రా?"

"ధనుర్వాతం సూది ఇచ్చిండు. ఆ కుక్కను పది దినాలు సూడుమన్నడు. మంచిగుంటే ఇంకే సూదులూ అక్కర్లేదంట."

నేను అక్కడే మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని ఉన్నాను. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో నాన్న రెండోదాన్ని మాత్రమే ఇంటికి తెచ్చాడని నాకు తెలుసు. నాన్న ఒకసారి నావైపు చూశాడు. బెదిరించే చూపు కాదది. బతిమాలే చూపు. ఆ చూపుకు నా నోరు మూతబడిపోయింది. పదకొండేళ్ల పిల్లకు తన చెవుల మీద కన్నా నాన్న మాట మీదే నమ్మకం ఎక్కువ. నేనే తప్పుగా విన్నానేమో అనుకున్నాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో కుక్కకు కాపలా మొదలైంది. పొద్దున లేవగానే నాన్న టిఫిన్ బండి దగ్గరికి పోయి దాన్ని చూసి వచ్చేవాడు. తిండి పెట్టేవాడు, మొదట మా అన్నం ముద్ద, తర్వాత పాలు. టిఫిన్ బండి నడిపే ఆమె ఆశ్చర్యపోయింది. "ఏందన్నా, మంగళారం కాదు శుక్రారం కాదు, కుక్కకు పాలా?" అంది. నాన్న నవ్వాడు. మిషను మీద కూర్చున్నా చెవి బయటే ఉండేది. ఎక్కడ కుక్క మొరిగినా కత్తెర పక్కన పెట్టి లేచేవాడు. ఆ సీజన్‌లో ఆయన చేతి పని అంత వెనకబడటం ఎన్నడూ లేదు. కాజాలు కుట్టాల్సిన చొక్కాలు కుప్ప పడ్డాయి.

"మంచిగ ఉరుకుతున్నది," అని చెప్పేవాడు ఇంట్లోకి వచ్చి. "తోక తొక్కింది బిడ్డ, అందుకే కర్శింది. పిచ్చిదైతే ఊకెనే కరుస్తది."

నేను తోక తొక్కానో లేదో నాకు గుర్తులేదు. తొక్కి ఉంటే బాగుండునని మాత్రం దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

బడిలో నా కాలికి ఉన్న కట్టు చూసి అందరూ అడిగారు. నా పక్క బెంచీ పిల్ల వాళ్ల అమ్మమ్మ ఊరు పెద్దవూర దగ్గర. అక్కడ కుక్క కరిచిన ఒక మనిషి సంగతి చెప్పింది. మొదట మంచిగనే ఉన్నాడట. తర్వాత చెంబులో నీళ్లు చూసి అరిచాడట. నీళ్లల్లో అతనికి కుక్క కనబడిందట. గదిలో పెట్టి గొళ్లెం వేశారట. "ఆఖరికి కుక్క లెక్కనే మొరిగి సచ్చిపోయిండంట," అంది, పెన్సిలు చెక్కుకుంటూ. ఇంకొక పిల్ల, కడుపులో కుక్కపిల్లలు పుడతాయంది. నేను నవ్వాను. ఆ మధ్యాహ్నం పొట్ట మీద చేయి పెట్టి, లోపల ఏదన్నా కదులుతోందా అని పాఠం జరిగినంతసేపూ చూసుకున్నాను.

అప్పటి నుంచి నీళ్లు తాగడం నాకు పరీక్ష అయిపోయింది. గ్లాసు నోటి దాకా తెచ్చుకుని లోపలికి చూసేదాన్ని. నా కన్నూ, పైన రేకు కప్పూ కనబడేవి. ఇంకేమీ కనబడకముందే కళ్లు మూసుకుని గటగటా మింగేదాన్ని. మింగుడు పడితే బతికున్నట్టు. కొద్దిసేపటికి మళ్లీ అనుమానం వచ్చి మళ్లీ తాగేదాన్ని. అద్దంలో నాలుక చూసుకునేదాన్ని. గదిలో పెట్టి గొళ్లెం వేస్తే అమ్మ లోపల ఉంటుందా బయట ఉంటుందా అని ఆలోచించేదాన్ని. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే, వచ్చేది ముందే వస్తుందేమో అనిపించేది.

ఆ వారం గడవకముందే కుక్క కనబడకుండా పోయింది.

పొద్దున పాలు తీసుకుని పోయిన నాన్న పాలతోనే తిరిగొచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. "బండికాడ లేదు," అన్నాడు. "ఏడికన్న పోయుంటది. వస్తది." కాసేపాగి మళ్లీ పోయాడు. టిఫిన్ బండామె రాత్రి నుంచే అది కనబడలేదంది. "ఏ లారీ కింద వడ్డదో ఏమో అన్నా, రోడ్డు పక్కపొంటి జర సూడు," అందట. నాన్న సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు మిషను తొక్కలేదు.

నేను బడికి పోలేదు. గుమ్మంలో కూర్చున్నాను. సన్నగా వాన పడుతోంది. చూరు నుంచి నీళ్లు కారుతుంటే అటు చూడకుండా ముఖం తిప్పుకున్నాను. అమ్మ మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. నోట్లో పోసుకున్నాను. మింగుడు పడలేదు. గొంతు దగ్గర ఎవరో ముడివేసినట్టుంది. ఒక్క గుక్క, నోట్లోనే ఉండిపోయింది. గ్లాసు జారిపోయింది. నోట్లో నీళ్లు గౌను మీద పడ్డాయి.

"అమ్మా, నీళ్లు మింగుడు పడ్తలేవే," అన్నాను.

అది భయంతో బిగుసుకున్న గొంతు తప్ప మరేమీ కాదని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ క్షణంలో మాత్రం నేను చనిపోతున్నాననే అనుకున్నాను. అమ్మ ముఖం చూస్తే ఆమె కూడా అలాగే అనుకున్నట్టుంది. నన్ను గట్టిగా పట్టుకుంది. అప్పుడు చెప్పేశాను.

"సూది ఆ దినమే ఏసుకోమన్నడే డాక్టరు. కుక్కను సూస్కుంటనే సూదులు గూడ ఏసుకోమన్నడు. నాయిన దుకాణం దాక పోయి ఉత్తగనే వచ్చిండు."

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. నన్ను విడిచి, లేచి, జుట్టు ముడి వేసుకుంది. సరిగ్గా అప్పుడే ఎవరో పిల్లల యూనిఫాంల కోసం వచ్చారు. కుట్టి మడత పెట్టినవి ఇచ్చి, వాళ్లిచ్చిన డబ్బు లెక్కచూడకుండా కొంగున ముడేసుకుంది. ఆ డబ్బు ఎప్పుడూ మిషను సొరుగులోకి పోయేది. అమ్మ ఆ సొరుగు ముట్టుకోవడం నేను చూడలేదు.

"చెప్పులేస్కో. కోదాడ పోదాం, మామ దగ్గర్కి."

"గీడ డాక్టరు ఉన్నడు గదనే?"

"గీడుంటే మీ నాయిన మళ్లొచ్చి రేపు సూద్దాం అంటడు," అంది అమ్మ.

కోదాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రోడ్డు పక్క గుంతల్లో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. బస్సు వాటి పక్క నుంచి పోతుంటే నేను అమ్మ ఒడిలో ముఖం దాచుకునేదాన్ని. మునగాల దగ్గర ఒకాయన ఎక్కి, మా ముందు సీట్లో కూర్చుని సీసా ఎత్తి నీళ్లు తాగాడు. ఆ గొంతు కదలడం వెనక నుంచి చూస్తుంటే నాకు చెమటలు పోశాయి. అమ్మ దారి పొడుగునా నా పిక్క మీది కట్టు మీద చేయి పెట్టుకునే కూర్చుంది, విషాన్ని లోపలికి పోనీకుండా ఆపుతున్నట్టు. ఒక్కసారి మాత్రం, నాతో కాదు, తనతోనే అన్నట్టు అంది. "నేనెందుకు అడగలే? డాక్టరు రాసిన చీటీ సూపియ్యమని నేనెందుకు అడగలే?"

మామ కోదాడలో లారీ రిపేర్ల షెడ్డులో పనిచేసేవాడు. అత్తది ఆ పక్కనే ఆంధ్ర వైపు ఊరు. మమ్మల్ని వానలో తడిసి గుమ్మంలో చూసి కంగారుపడింది.

"అయ్యో, ఇదేంటి వదినా? ఎప్పుడు కరిచింది? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

మామ నూనె చేతులు కూడా కడుక్కోకుండా మమ్మల్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు, కొద్దిగా వయసు మళ్లినాయన, కట్టు విప్పి చూసి, ఎప్పుడు కరిచిందో విని, పెదవులు బిగబట్టాడు. ఆ బిగబట్టడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

"ఆలస్యం చేశారమ్మా. అయినా ఇవాళైనా వచ్చారు. మొదలుపెడదాం," అన్నాడు.

గాయం చుట్టూ ఒకటి, భుజానికి ఒకటి. గాయంలో పొడిచినప్పుడు నా అరుపు బయట రోడ్డు దాకా వినబడిందని అత్త చెప్పేది. అరుస్తూనే నేను ఆలోచించింది ఒకటే, ఇది నా అరుపా, కుక్క అరుపా అని.

మర్నాడు పొద్దున్నే నాన్న వచ్చాడు. టిఫిన్ బండామె చెబితే మేం కోదాడ బస్సెక్కిన సంగతి తెలిసిందట. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. కానీ ముఖం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని పండగ రోజున కూడా చూడలేదు.

"దొరికింది! కుక్క దొరికింది! మార్కెట్ యార్డుల, రేకుల షెడ్డు కింద పండుకున్నది. వానకు గాడికి పోయింది, అంతే. బిస్కెట్లు ఏస్తె మొత్తం తిన్నది. నేను నా కండ్లతోని సూసిన." గుమ్మంలోనే నిలబడి చెబుతున్నాడు. "ఇగ పరేషాన్ లేదు. మిగిలిన సూదులు అక్కర్లే. పాండ్రి, ఇంటికి పోదాం."

మామ తల దించుకున్నాడు. అత్త లోపలికి వెళ్లిపోయింది. అమ్మ నా పక్కన చాప మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"నువ్వు పోయి ఆ కుక్కను సూస్కో," అంది. "నేను నా పిల్లను సూస్కుంట."

అమ్మ నాన్నను 'మీరు' అనేది. 'నువ్వు' అనడం నేను వినడం అదే మొదలు. నాన్నకు కూడా అది తగిలింది. "నేను పైసలకు సూస్తున్న అనుకుంటున్నవా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మరి దేనికి సూసినవ్?" అమ్మ గొంతు పెరిగింది. "నువ్వు చాయ్ మానుకున్నవ్, నేనేమన్న అన్ననా? చిరుగు చీర కుట్టుకొని కట్టుకున్న, ఏమన్న అన్ననా? మన కడుపు మనం కట్టుకుంటె అది పొదుపు. పిల్ల పానం అడ్డం వెట్టి దాస్తె దాన్నేమంటరో నువ్వే చెప్పు. ఆ కుక్క సచ్చుంటె ఏం జేస్తుంటివి? ఇంకో కుక్కకు పాలు పోస్తుంటివా?"

నాన్న నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన గుమ్మంలోనే, చెప్పులు విప్పకుండా, మెట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత అత్త చాయ్ తెచ్చి ఇస్తే తాగలేదు.

మిగిలిన సూదులన్నీ కోదాడలోనే వేయించుకున్నాను. మేం సూర్యాపేట వచ్చేశాక, సూది ఉన్న ప్రతి రోజూ నాన్నే నన్ను బస్సులో తీసుకుపోయాడు. పని ఎంత ఉన్నా మానలేదు. ఆస్పత్రి బెంచీ మీద నా భుజం పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి మాత్రం, అలవాటు పోక, సీసాలో అడుగున మిగిలిన చుక్క చూసి నర్సమ్మను అడిగాడు. "అమ్మా, ఆ మిగిలింది ఏం జేస్తరు?" ఆమె విచిత్రంగా చూసింది. నాన్న సిగ్గుపడి, "ఊకెనే అడిగిన," అన్నాడు.

సూదులు అయిపోయినా నా భయం అయిపోలేదు. ఆలస్యమైందన్న మాట చెవిలోనే ఉండిపోయింది. కొందరికి నెలల తర్వాత కూడా వస్తుందని ఎవరో అన్నారు. దసరా దాటింది, చలికాలం వచ్చింది, జ్వరం వస్తే చాలు ఇంట్లో ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్లం. కుక్క మాత్రం టిఫిన్ బండి దగ్గరికి తిరిగొచ్చి హాయిగా ఉంది. నేను ఆ మలుపు మానేసి చుట్టూ తిరిగి బడికి పోయేదాన్ని. పరీక్షలు దగ్గరపడ్డాక, చదువు గొడవలో, ఆ భయం ఎప్పుడు నన్ను విడిచిందో గమనించుకోలేదు.

ఇంట్లో ఒకటి మారింది. ఆ జూన్ తర్వాత మిషను సొరుగు తాళం అమ్మ కొంగుకు చేరింది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. నాన్న సబ్బుముక్కలు అతికించడం మానలేదు, బట్టముక్కలు తిరిగివ్వడం మానలేదు. కానీ ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా నాన్న అభిప్రాయం ఎవరూ అడిగేవాళ్లు కాదు. అమ్మ చెప్పులేసుకుని బయల్దేరేది, అంతే.

నా పెళ్లయి మిర్యాలగూడ వచ్చాక, 2013లో అనుకుంటాను, అమ్మా నాన్నా మా ఇంటికి వచ్చి కొన్నాళ్లున్నారు. మా ఆయన బియ్యం మిల్లులో పని. ఇల్లు కొత్తగా కిరాయికి తీసుకున్నాం, కిటికీలకు పరదాలు లేవు. కొనుక్కొస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. నా పాత చీరలు రెండు అడిగి, కొలతలు తీసి, అంచులు కిందికి వచ్చేట్టు కుడుతూ కూర్చున్నాడు. చాలా అందంగా వచ్చాయి. కళ్లజోడు ముక్కు మీదికి జారి, సూదిలో దారం ఎక్కించడానికి ఆయన అవస్థ పడుతుంటే నేను ఎక్కించి ఇచ్చాను. అన్నేళ్ల తర్వాత, ఏ ఉద్దేశమూ లేకుండానే, నోటి నుంచి వచ్చేసింది.

"నాయినా, ఆ దినం మెడికల్ షాపుల అంతసేపు ఏం జేసినవ్?"

ఏ దినమని ఆయన అడగలేదు. సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టాడు.

"మందు బయటికి తీయించిన," అన్నాడు. "డబ్బ చేతిల వట్టుకున్న. కొంటె, ఆ కుక్కకు పిచ్చని నేనే ఒప్పుకున్నట్టయితదేమో అనిపించింది బిడ్డ. కొనకుంటె ఏం గాలేదన్నట్టు. భయమయ్యింది. డబ్బ మళ్ల ఆయన చేతిలనే వెట్టిన."

అది నిజమో, ఇన్నేళ్లుగా తనకు తాను చెప్పుకుని చెప్పుకుని నిజం చేసుకున్నదో నాకు తెలియలేదు. ఆ రోజు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డ నాకు ఎంత భయమో, లోపల ఆయనకూ అంతే భయమై ఉండొచ్చన్న ఆలోచన మాత్రం అప్పటిదాకా ఎప్పుడూ రాలేదు.

వంటింట్లో కూర తరుగుతున్న అమ్మ అంతా విన్నది. అక్కడి నుంచే అంది.

"భయమొక్కటేనా? పైసలు గాదా?"

నాన్న కళ్లజోడు సరిచేసుకున్నాడు.

"పైసలు గూడ," అన్నాడు.